చరిత్ర గదిలో వరుస తప్పిన అర

లాకప్ ఊచల అవతల గోడకు ఆనుకుని కూర్చున్న శివకుమార్ మూడోసారి అడిగినా నోరు విప్పలేదు.

"శుక్రవారం నాడు సత్యానందం సారుకూ నీకూ లొల్లి ఎందుకైంది? అది చెప్పకుంటే నేను నీ దిక్కు నిలబడేదెట్ల?" అంది రవళి.

అతను తలెత్తాడు. నిద్రలేని కళ్లు. ముంజేతుల మీద బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకుండే కాలిన మచ్చలు. ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లింది నిజమేనన్నాడు. తలుపు కొడితే ఎవరూ తీయలేదని, డ్యూటీకి టైమవుతుంటే బండెక్కి కంపెనీకి వెళ్లిపోయానని చెప్పాడు. పోలీసులకూ ఇదే చెప్పాడు. శుక్రవారం సంగతి ఎత్తగానే మాత్రం నాలుక మడతపడిపోతోంది.

చివరికి తనే అడిగాడు. "నాయినమ్మ బయటనే ఉన్నదా?"

"పొద్దుగాల నుంచి బల్ల దిగలేదు."

"ఆమెను ఇంటికి తోలుండ్రి మేడం. నన్ను జైలుకు పంపితే పంపనీయుండ్రి. ఆమె మాత్రం ఈడ ఉండొద్దు."

మనవణ్ణి ఊచల వెనక చూడాల్సి వస్తుందని సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది రవళి. అంతకు మించి ఆలోచించే వ్యవధి అప్పుడు లేదు. సాయంత్రం ఐదు దాటితే అతన్ని సంగారెడ్డిలో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. ఆ తర్వాత బెయిలు మాట ఎన్ని నెలలకో.

రవళి పద్నాలుగేళ్లు పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో పనిచేసి, ఒకనాడు రాజీనామా రాసిచ్చి, పోతిరెడ్డిపల్లిలో రెండు గదుల్లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల వాకబులే. ఈ పొద్దున మాత్రం లక్డారం నుంచి సత్తెమ్మ అనే ముసలామె ఆటో దిగి వచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట కొడుకు మల్లేశం కాజీపల్లిలో మందుల కంపెనీకి డ్యూటీకని వెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరు తోటి పనివాళ్లతో కలిసి పని మానేసి బొంబాయి వెళ్లిపోయాడని కంపెనీ చెప్పింది. కోడలు పుట్టింటికి పోయింది. మిగిలింది అప్పటికి ఆరేళ్ల పిల్లవాడు, శివకుమార్. ఇప్పుడు అతనూ అదే కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేస్తున్నాడు. "ఒగడు పొయ్యొస్త అని పోయిండు, రాలే. ఈన్ని గూడ తీస్కపోతే నేను ఎవ్వలి కోసం తలుపు తీసి పెట్టాలె బిడ్డా?" అని మాత్రమే అంది సత్తెమ్మ. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది రవళికి.

ఎస్సై వీర్రాజు తన గదిలో కాగితాలు సర్దుకుంటున్నాడు. రవళి శాఖలో ఉన్న రోజుల్లో ఒక దొంగతనం కేసులో అతను పట్టుకున్న మనిషి వేలిముద్ర కాదని ఆమె రిపోర్టు ఇచ్చింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

"రాండ్రి మేడం. పెండ్లి సంబంధం ఏమన్న ఉన్నదా మా కానిస్టేబులుకు?"

ఆమె ఆ ఎత్తిపొడుపును పట్టించుకోకుండా టైములు అడిగింది. అతను వేళ్ల మీద చెప్పాడు. పాత ఫ్యాక్టరీ క్యాంటీనులో ఆ లైబ్రరీ నడుపుతున్న రిటైర్డ్ చరిత్ర మాస్టారు సత్యానందం, ఆదివారం ఒంటిగంటకు తలుపు వేసుకుని లోపలే అన్నం తింటాడు. నాలుగింటికి మళ్లీ తీస్తాడు. ఒంటిగంటా ఇరవై ఐదుకు శివకుమార్ గేటు లోపలికి పోవడం వాచ్‌మన్ చూశాడు. తర్వాత వాచ్‌మన్ భోజనానికి వెళ్లాడు కాబట్టి అతను ఎప్పుడు బయటికి వచ్చాడో చూసినవాళ్లు లేరు. నాలుగింటికి అసిస్టెంటు సిల్వియా తన తాళంతో తలుపు తీస్తే, చరిత్ర గదిలో ఇనుప రాక్ కింద సార్ చనిపోయి ఉన్నాడు. తల వెనక దెబ్బ. శుక్రవారం ఇద్దరూ అరుచుకోవడం నలుగురు విన్నారు.

"కంపెనీల హాజరు పంచ్ ఎప్పుడు కొట్టిండు?"

"రెండింటికి మూడు నిమిషాలు తక్కువ. మీరు అడుగుతరని నాకు ఎరికే. బండి మీద కాజీపల్లికి ఇరవై నిమిషాలు తీసేయుండ్రి. పన్నెండు నిమిషాలు మిగులుతయి. రాక్ తోసేటానికి ఒక్క నిమిషం చాలు."

"రాక్‌ను గోడకు పట్టి ఉంచిన బోల్టు ఇరగలేదు, స్పానరుతోని ఇప్పిండ్రు అని మీ పంచనామాలనే ఉన్నది. కోపంల ఉన్నోడు బోల్టు ఇప్పుతడా?"

"బాయిలర్ పనోని జేబుల స్పానర్ ఉండదా? మీకు గంటలు కావాలంటే ఐదింటి దాక ఉన్నయి. పోయి పుస్తకాలు సదువుకోండ్రి."

*

చరిత్ర గది తలుపు దగ్గర ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. గదికి సీలు కూడా వేయలేదు. కేసు తేలిపోయిందనుకున్నారు.

ఏదో ఫ్యాక్టరీ గోదాము ఖాళీ చేస్తూ పారేసిన వెడల్పాటి ఇనుప రాక్ అది, ఆరు అరలది. ముందుకు పడుతూ ఎదురుగా ఉన్న చదువుకునే బల్లకు తగులుకుని ఆగింది. దాన్ని కొంచెం పక్కకు జరిపి శవాన్ని బయటికి తీశారు. పై నాలుగు అరల పుస్తకాలు నేల మీద గుట్టగా పడి ఉన్నాయి. కింది రెండు అరల్లోవి మాత్రం ఒకదాన్నొకటి ఒత్తుకుని, వంగిన రాక్‌లో అలాగే బిగుసుకుపోయాయి.

సిల్వియా గుమ్మం దాటడానికి జంకింది. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో సత్యానందం దగ్గర చదువుకుని, ఎనిమిదేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తోంది. రవళి ఆమె చేయి పట్టుకుని లోపలికి తెచ్చి, పక్కనే మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని, ఈ పుస్తకాలను ఏ లెక్కన పెడతారని అడిగింది. తెలిసిన పని గురించి మాట్లాడితే జంకు తగ్గుతుందని ఆమె అనుభవం.

సిల్వియా చెప్పింది. లోకంలోని పుస్తకాలన్నిటికీ ఒక అంకెల పద్ధతి ఉంది. అందులో తొమ్మిది వందల యాభై నాలుగు అంటే భారతదేశ చరిత్ర. చుక్క పెట్టి ఆ తర్వాత వేసే అంకెలు కాలాన్ని చెబుతాయి, లేదా ప్రాంతాన్ని. పై అరలో ప్రాచీన కాలం, తర్వాత సుల్తానులు, మొగలులు, ఇంగ్లీషువాళ్లు, స్వాతంత్ర్యం తర్వాతి కాలం. ఒక్కో ప్రాంతపు చరిత్ర కింది రెండు అరల్లో. ఒక్క పుస్తకం పక్కకు జరిగినా సార్‌కు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం అనేవాడు. శనివారం సాయంత్రం తానే ఆ రాక్ అంతా వరుస చూసి ఇంటికి వెళ్లింది.

"అయితే ఇది చూడు," అంది రవళి.

కింది అరలో మౌర్యుల పుస్తకం పక్కన పద్దెనిమిది వందల యాభై ఏడు తిరుగుబాటు ఉంది. దాని పక్కన కాకతీయులు. ఆ పక్కన కేరళ చరిత్ర. సిల్వియా వేలు గాల్లోనే ఆగిపోయింది. పడినప్పుడు కలిసిపోయాయేమో అనడానికి లేదు, అవి బిగుసుకుని ఉన్నాయి. రవళి టార్చి వేసి చూసింది. ముందు వరుస వెనకాల ఇంకో వరుస ఉంది.

"మేమెప్పుడు రెండు వరుసలు పెట్టం మేడం. ఎన్కది కనవడదు గద."

ముందున్నవన్నీ అంచులు పసుపెక్కిన పాతవి. వెనకవి కొత్త అట్టలు. రవళి చేతి తొడుగు వేసుకుని, అట్ట అంచు మాత్రమే పట్టి, ఒక్కొక్క పుస్తకం పైకి లాగి పేరున్న పేజీ వెనక్కి తిప్పింది. ముద్రణ వివరాలు ఉండే పేజీ. మొదటి పుస్తకం యాభై ఎనిమిదిలో అచ్చయింది. రెండోది అరవై ఒకటి. తర్వాత అరవై మూడు, అరవై నాలుగు, డెబ్బై. వెనక వరుసలో తొంభై ఐదు నుంచి మొదలై ఈ మధ్య అచ్చయిన వాటిదాకా. ఒక్కటీ ముందువెనకలు కాలేదు.

ఎవరో ఈ రాక్ మొత్తం ఖాళీ చేశారు. రాక్ మీద పడి చనిపోయినట్టు కనబడాలనేమో, మళ్లీ నింపారు. నింపేటప్పుడు అంకెలు చూడలేదు, అచ్చయిన సంవత్సరం చూశారు.

ఆదివారం మధ్యాహ్నం శివకుమార్ తలుపు కొట్టినప్పుడు లోపల ఒక మనిషి పుస్తకం చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉండి ఉంటాడు. ఆ తలపుకు రవళి అనుకోకుండా వెనక్కి తిరిగి చూసింది. కానిస్టేబులు ఫోను చూసి నవ్వుకుంటున్నాడు.

"ఇందులకెళ్లి ఏమన్న పోయిందా సూడు సిల్వియా. జల్దీ వద్దు, నిదానంగ."

నేల మీది గుట్టను కళ్లతోనే వెతకడానికి చాలాసేపు పట్టింది. చివరికి సిల్వియా లేచి నిలబడింది. పోయింది ఒకే పుస్తకం, రెండు ప్రతులూ. సత్తెమ్మ చెప్పిన మాటల పుస్తకం. ముసలామె చెబుతుంటే సార్ తన చేత్తో రాసుకుని, సొంతంగా అచ్చు వేయించాడు. పొలాలు ఫ్యాక్టరీలకు పోయిన తీరు, వాగు నీళ్ల రంగు మారిన తీరు, కొడుకు బొంబాయి పోయిన సంగతి, అన్నీ అందులో ఉన్నాయి. కుట్టు ఉండే వీపు అంచు మీద అంకె వేయడానికి చోటు లేనంత సన్నం. అందుకే లోపల అంకె వేశారు.

"అందుకనే వానికి అన్ని పుస్తకాలు తీయాల్సొచ్చింది," అంది రవళి. "అది ఎప్పటినుంచి ఈ రాక్‌ల ఉన్నది?"

"శుక్రవారం నుంచే మేడం. అంతకు ముందు జానపద కథలల్ల ఉండె."

సిల్వియా అప్పుడు అసలు విషయం చెప్పింది. ప్రతి పుస్తకానికీ అంకెతో పాటు విషయ శీర్షికలు ఇస్తారు. దేని గురించిన పుస్తకమో వెతికేవాళ్లకు తెలియడానికి. సత్తెమ్మ పుస్తకానికి ఇన్నాళ్లూ 'జానపద కథలు', 'వలస కార్మికులు' అని ఉండేది. శుక్రవారం శివకుమార్ వచ్చి సార్ గదిలో కూర్చుని ఏదో చెప్పాడు. మొదట గుసగుసలు. తర్వాత సార్ గొంతు లేచింది. "నాకు తెలిసినంక వలస అని ఎట్ల ఉంచుత? నేను అబద్ధం రాయలేను బాబూ." శివకుమార్ బతిమాలాడు, ఆ పైన అరిచాడు, తలుపు బాది వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే సార్ పుస్తకాన్ని కథల అర నుంచి తీసుకొచ్చి దేశ చరిత్రలో పెట్టాడు. శీర్షికలు మార్చాడు.

సిల్వియా కంప్యూటర్ తెరిచి చూపించింది. రెండు వరుసలు.

భారతదేశ చరిత్ర, తెలంగాణ, పటాన్‌చెరు ప్రాంతం.
కార్మికుల మరణాలు, కాజీపల్లి.

"పుస్తకంల లేనిది శీర్షికల రాయొద్దు అని సారే మాకు నేర్పిండు," అంది సిల్వియా. "ఆ పుస్తకంల ఒక్క మరణం గూడ లేదు. వాళ్లు బొంబాయి పోయిండ్రనే ఉన్నది. సార్ తన రూల్ తనే తప్పిండు."

రవళి తెరను ఫోనులో ఫొటో తీసుకుంది. శివకుమార్ ఎందుకు నోరు విప్పడో, ముసలామెను ఇంటికి పంపమని ఎందుకు బతిమాలాడో ఇప్పుడు తెలిసింది. ఆ శుక్రవారం అతను చెప్పింది తండ్రి చావు. దాన్ని ఎక్కడా రాయవద్దని కొట్లాడాడు. నోరు తెరిస్తే బయట బల్ల మీద కూర్చున్న మనిషికి అది తెలుస్తుంది. తెలియడం కంటే జైలే నయమనుకున్నాడు.

"ఈ మార్పు ఇంకెవలకన్న తెలుసా?"

శనివారం శనివారం మారిన శీర్షికలు లైబ్రరీ కమిటీ వాళ్ల ఫోన్లకు వెళ్తాయని సిల్వియా చెప్పింది. కమిటీలో ఐదుగురున్నా వాటిని తెరిచి చూసేది సెక్రటరీ విఠల్‌రావు ఒక్కడేనంది.

*

పేరు తీసిన కాసేపటికే విఠల్‌రావు వచ్చాడు. యాభై ఐదేళ్లు దాటిన మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. చావు ఇంటి నుంచే వస్తున్నానని, సార్ భార్య గ్రేసమ్మ కూర్చున్న చోటు నుంచి కదలడం లేదని చెప్పాడు. లైబ్రరీ సంగతి ఎవరో ఒకరు చూడాలి గదా అన్నాడు. రవళి అడిగినవాటికి తడుముకోకుండా జవాబు ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నాడు. వెనక తలుపు తాళం ఒకటి సెక్రటరీగా తన దగ్గర ఉంది, కానీ ఎక్కడ పెట్టాడో వెతకాలి. శివకుమార్ పనిచేసే కాజీపల్లి కంపెనీలోనే చేరి ముప్పై ఏళ్లవుతోంది, ఇప్పుడు స్టోర్స్ మేనేజరు.

"ఈ గదిల ఎప్పుడన్న పుస్తకం తీసినరా?"

"ఆర్నెల్లయిందమ్మా ఈ గదిల కాలు వెట్టక. నాకు మీటింగులే. సదివేటోన్ని కాదు."

అని, పోలీసులు బూట్లతో తొక్కిపారేశారని నొచ్చుకుంటూ, నేల మీద గుట్ట పక్కన కూర్చుని పుస్తకాలు ఏరి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. రవళి వద్దనబోయింది. అంతలో జీపు ఆగిన చప్పుడు, వీర్రాజు బూట్ల చప్పుడు.

"మేడం, మూడు దాటింది. రిమాండ్ కాగితం రెడీ అయింది. సదువుడు అయిందా?"

రవళి కింది అర చూపించింది. వరుస, సంవత్సరాలు, వెనక ఇంకో వరుస. అతను ఒంగి చూసి నడుం నిలబెట్టుకున్నాడు. "పుస్తకాలు ముందెన్క ఉన్నయని ఖూనీ కేసు ఇడిచిపెడ్తరా? కోర్టుల నవ్వుతరు."

"నవ్వనీయుండ్రి. మీ కానిస్టేబులుకు ఒక పని చెప్పుండ్రి. ఆ గోడ పక్క రాక్‌ల ఒక్క అర ఖాళీ చేసి, ఒక్కొక్క పుస్తకం తెరిసి, సంవత్సరం చూసి, వరుస పెట్టి సదరమనండ్రి. మీరు గడియారం చూడుండ్రి."

వీర్రాజుకు పంతం ఎక్కువ. ఆ పంతంతోనే ఒప్పుకున్నాడు. కానిస్టేబులు ఫోను జేబులో పెట్టుకుని చెమటోడ్చాడు. అర నిండేసరికి పద్నాలుగు నిమిషాలు దాటింది.

"ఒక్క అరకే," అంది రవళి. "పడిన రాక్‌కు ఆరు. పైగ బోల్టు ఇప్పాలె. మీ లెక్కల శివకుమార్ దగ్గర ఉన్నది పన్నెండు నిమిషాలు."

అతను వాచీని చొక్కా చేతి కిందికి తోసుకున్నాడు. ఓడిపోయినట్టు ముఖంలో కనబడనీయలేదు కానీ, గొంతు మారింది. "గంటన్నర ఎవలు ఉన్నరు మరి ఈడ? గిట్ల సంవత్సరాల వరుసల ఎవలు వెడ్తరు?"

రవళి బల్ల వైపు చూసింది.

విఠల్‌రావు వాళ్ల మాటలు వింటూనే ఉన్నాడు. చెవులు ఇక్కడున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక పుస్తకం తీస్తాడు. అట్ట చూడడు, వీపు మీది అంకె చూడడు. బొటనవేలితో రెండు కాగితాలు తిప్పి, ముద్రణ పేజీ మీద ఒక్క చూపు వేస్తాడు. పాతదైతే తనకు దగ్గరగా, కొత్తదైతే బల్ల ఆ చివరికి. ఇంకో పుస్తకం తీస్తాడు. బొటనవేలు. రెండు కాగితాలు.

రవళి అతన్ని మెల్లగా అడిగింది, పిల్లవాణ్ణి అడిగినట్టు. "ఎట్ల సదురుతున్నరు విఠల్‌రావు గారూ?"

"నాకు ఈ నంబర్లు తెల్వయమ్మా. తారీకు సూసి వెడ్తున్న. స్టోర్ల గంతే గద. పాత సరుకు ముందర, కొత్తది ఎన్క. లేకుంటే పాతది పడి ఉండి ఎక్స్‌పైరీ..."

మాట అక్కడ ఆగింది. చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది.

వీర్రాజు వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

పటాన్‌చెరు చుట్టుపక్కల వందల మంది స్టోర్ల వాళ్లున్నారని, అందరి చేతులూ ఇలాగే తిరుగుతాయని విఠల్‌రావు తేరుకుని అన్నాడు. అది నిజమేనని రవళి ఒప్పుకుంది. ఆ తర్వాత, ముద్రణ పేజీ ఎవరూ చదవని పేజీ అంది. కొన్న రోజున సిల్వియా చూస్తుంది, ఇంకెవరూ దాన్ని తాకరు. గుట్టలోని పుస్తకాలను ఇప్పుడు అందరి కళ్లముందూ ముట్టుకున్నాడు కాబట్టి వాటి మీది ముద్రలకు సాకు దొరికింది. అందుకే కాబోలు వచ్చీరాగానే సర్దడానికి కూర్చున్నాడు. కానీ కింది రెండు అరలు రాక్‌లోనే ఉన్నాయి. వాటిని ఇవాళ ముట్టింది తొడుగు వేసుకున్న రవళి చేయి ఒక్కటే. ఆర్నెల్లుగా ఈ గదిలోకే రాని మనిషి బొటనవేలు వాటి ముద్రణ పేజీల మీద ఉందో లేదో క్లూస్ టీమ్ రేపటికల్లా చెబుతుంది.

విఠల్‌రావు పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. పాతదే. దగ్గరగానే పెట్టాడు.

"బతిమాలిన," అన్నాడు. "వలస అనే ఉంచుమన్న. ఒక్క మాట మారిస్తే ఏం పోతది సారూ అన్న. నేను సూస్తున్నప్పుడే ఎన్కకు మర్లిండు, చేతిల పుస్తకం దాస్తందుకు. అప్పుడే కొట్టిన, రెండోది దొరికేదాక రాక్ అంత తీసిన."

"ఆ మాటతోని నీకేం పని?" అన్నాడు వీర్రాజు.

కంపెనీ విడిచి వెళ్లేవాడు హెల్మెట్టూ బూట్లూ స్టోర్స్‌లో అప్పజెప్పి వెళ్లాలి. అప్పజెప్పాడని స్టోర్స్ రాస్తేనే అతను బతికి, తన కాళ్ల మీద తాను గేటు దాటినట్టు. పద్దెనిమిదేళ్ల కిందట ముగ్గురి పేర్లకు అలా రాసింది విఠల్‌రావు.

"హెల్మెట్లు వచ్చిన మాట నిజమే," అన్నాడు నేల చూస్తూ. "తెచ్చినోళ్లు వేరే. కడిగి తెచ్చిండ్రు."

తెచ్చింది ఎవరో ఎంత అడిగినా చెప్పలేదు. ఆ పేరు చెబితే తన ఇంట్లోవాళ్లు కూడా బొంబాయి పోయారనే అంటారు, అన్నాడంతే.

*

వీర్రాజు రిమాండ్ కాగితం చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. శివకుమార్ సంతకం తీసుకుని వదులుతామని, పిలిస్తే రావాలని, ఇది మేడం గెలుపేమీ కాదని, పంచ్ టైము తామే రాబట్టామని చెప్పాడు. రవళి తలూపింది. ఆమెకు గెలిచినట్టు లేదు.

ఠాణా వరండాలో సత్తెమ్మ పొద్దున కూర్చున్న బల్ల మీదే ఉంది. ఎవరో ఇచ్చిన చాయ్ గ్లాసులోనే మీగడ కట్టింది. మనవడు కాసేపట్లో వస్తాడని చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, సత్యానందం సారును చంపింది ఎందుకోసం అని అడిగింది.

పుస్తకం కోసమని రవళి చెప్పింది. అంతటితో ఆపాలనుకుంది. శివకుమార్ బయటికి వచ్చాక, ఇంటికి చేరాక, ఎవరైనా అయినవాళ్లు పక్కన ఉండగా చెప్పవచ్చు. ఇన్నేళ్ల ఉద్యోగంలో, శవం వేలిముద్ర ఎవరిదో తేలాక, ఎన్నో గుమ్మాల్లో నిలబడి ఎన్నో చావులు చెప్పింది. ఒక్కసారీ సరిగ్గా చెప్పాననిపించలేదు.

"నా పుస్తకమా?" అంది సత్తెమ్మ. "కథలల్ల వెట్టిండ్రంటే నాకు మనసున వట్టలే బిడ్డా. నేను చెప్పింది కథనా? సార్ మారుస్తనన్నడు. మార్చిండా?"

"మార్చిండు. దేశ చరిత్రల పెట్టిండు."

"సూపియ్యి."

రవళి ఫోను తీసి చూపించింది. ముసలామె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. రవళి మొదటి వరుస చదివింది. భారతదేశ చరిత్ర, తెలంగాణ, పటాన్‌చెరు ప్రాంతం. సత్తెమ్మ పెదవులు ఆ మాటలను వెనకే పలికాయి. ముఖంలో ఒక వెలుగు లాంటిది వచ్చింది. దాన్ని చూడలేక రవళి రోడ్డు వైపు తిరిగింది.

"కింద ఇంకోటి రాసున్నది గద బిడ్డా."

రవళి ఫోను కోసం చేయి చాచింది.

"నాకు సదువు రాదు గని కండ్లున్నయి. సదువు."

రవళి చదివింది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

సత్తెమ్మ ఫోను తిరిగి ఇవ్వలేదు. లోపల్నుంచి శివకుమార్ వచ్చాడు. చెప్పుల్లో ఒక కాలు పెట్టి, నాయినమ్మ చేతిలో వెలుగుతున్న ఫోనును చూశాడు. తర్వాత రవళి ముఖం చూశాడు. రెండో కాలు చెప్పులో పెట్టకుండా అక్కడే నిలబడిపోయాడు.

"నీకెప్పుడు ఎరికైంది?" అంది సత్తెమ్మ.

"ఎండకాలంల. కొత్త మిషను పెడ్తందుకు తవ్వినప్పుడు. నాయిన చేతి కడెం సూసి గుర్తువట్టిన."

"ఏడ ఉన్నడు?"

అతను వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు.

"బాయిలర్ కింద, నాయినమ్మా," అన్నాడు. "ఐదేండ్ల సంది నేను రోజు నిలవడి డ్యూటీ చేస్తున్న జాగల."